మా బాబాయి ముదురుపాకం కథ

మా బాబాయిది నెల్లూరు. ట్రంకు రోడ్డులో పోతూ మలై కాజా కనపడితే ముఖం తిప్పుకోవడం మర్యాద కాదని ఆయన సిద్ధాంతం. కాకపోతే షుగర్ టెస్టుకి మూడు రోజుల ముందు కఠోర దీక్ష పడతాడు: రాగి సంగటి, కాకరకాయ, చక్కెర లేని కాఫీ. పోయిన నెల హెచ్‌బీఏ1సీ (రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఎంత చక్కెర అంటుకుందో చెప్పే పరీక్ష) 8.4 శాతం వచ్చేసరికి ల్యాబ్ వాళ్ల మిషన్ మీద పడ్డాడు. "మూడు రోజుల్నించి తీపి ముట్టలేదు గదరా అబ్బయ్యా!"

మిషన్ బాగానే ఉంది. చాడీలు చెప్పింది ఆయన హిమోగ్లోబినే. దాన్ని మోసే ఎర్ర కణం సుమారు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్లూ గ్లూకోజు ఆ ప్రొటీన్‌కి అంటుకుంటూనే ఉంటుంది, ఎంజైమ్ సాయం కూడా అక్కర్లేదు, ఒకసారి గట్టిగా పట్టుకుందంటే మూడు రోజుల కాకరకాయకి వదలదు. మూడు నెలల కింద పెళ్లిలో లాగించిన జిలేబీలు కూడా పద్దులో ఉంటాయి.

చక్కెరా, ప్రొటీన్ ముక్కలైన అమైనో ఆమ్లాలూ కలిస్తే గోధుమరంగు తేలుతుందని 1912లోనే మయ్యార్ అనే ఫ్రెంచి ఆయన రాసిపెట్టాడు. కాజాకి ఆ రంగు మూకుడులో నిమిషాల్లో వస్తుంది, బాబాయి ఒంట్లో 37 డిగ్రీల సన్న సెగ మీద డెబ్బై ఏళ్లు పట్టింది, అంతే తేడా.

హిమోగ్లోబిన్ నయం, పాతది పోయి కొత్తది వస్తుంది. కంటి కటకం నడిమధ్యన ఉండే క్రిస్టలిన్లనే ప్రొటీన్లు అమ్మ కడుపులో తయారైనవే, మార్చేవాడు లేడు. అవి పచ్చబడి గుంపులు కడితే శుక్లం. బాబాయి మాత్రం నెల్లూరు ఎండని తిడతాడు (ఎండకీ కొంత వాటా ఉందిలెండి). కీళ్లలో, రక్తనాళాల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులదీ ఇదే గతి, చక్కెర వాటి మధ్య అడ్డ ముడులు వేసేసరికి తీగపాకం కాస్తా ముదురుపాకమై సాగడం మానేస్తుంది.

పిన్ని ఊరుకుంటుందా, రెండు వేలు పోసి కొల్లాజెన్ పొడి తెప్పించింది. పొట్టలోకి పోయాక దాన్ని కూడా పప్పునీ చేపనీ అరగదీసినట్టే ముక్కలు చేస్తారు పిన్నీ, మోకాలికి పార్సిల్ కట్టి పంపరు. చేపల పులుసు తిన్నోళ్లకి మొప్పలు మొలిచాయా?

120 రోజుల సంగతి విన్నాక బాబాయి క్యాలెండర్ దించాడు. ఈసారి నిజాయితీగా పూర్తి దీక్షేనట. లెక్కేస్తే మధ్యలో సంక్రాంతి అరిసెలు తగిలాయి. టెస్టు వేసవికి జరిపాడు. వేసవి అంటే మామిడిపళ్లు. ఇంకా పేజీలు తిప్పుతూనే ఉన్నాడు.