సవరణ: అగాపే, ఫిలియో గురించి

'నన్ను ప్రేమిస్తున్నావా?' అని యేసు పేతురును మూడుసార్లు అడిగిన యోహాను 21:15-17 మీద ప్రసంగం సిద్ధం చేసుకునేవారి కోసం మొన్న ఒక పోస్టు పెట్టాను. అక్కడ ప్రేమకు వాడిన రెండు గ్రీకు మాటల గురించి 'అగాపే అంటే దేవుని ప్రేమ మాత్రమే, ఫిలియో అంటే మనుషుల స్నేహం' అని అందులో రాశాను. అది తప్పు. గ్రీకు పాఠం సరిచూడకుండా, విన్నది విన్నట్టు రాసేశాను.

ఒక పెద్ద పాస్టరుగారు చెప్పాక గ్రీకు కొత్త నిబంధన, పదసూచిక ముందు పెట్టుకుని చూశాను. తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడనే మాటకు యోహాను 3:35లో అగాపే క్రియ ఉంది, 5:20లో ఫిలియో ఉంది. మాట ఒక్కటే, క్రియలు రెండు! మనుషులు చీకటిని ప్రేమించారన్న 3:19లోనూ, దేమా ఇహలోకాన్ని స్నేహించాడన్న 2 తిమోతి 4:10లోనూ ఉన్నది అగాపే క్రియే. అది దేవుని ప్రేమ ఎలా అవుతుంది?

యేసు మొదటి రెండుసార్లు అగాపే క్రియతో, మూడోసారి ఫిలియోతో అడిగిన మాట నిజమే. పేతురు మూడుసార్లూ ఫిలియోతోనే జవాబిచ్చాడు. ఆ తేడాకు అర్థముందా అన్నదానిపై పండితులు ఏకాభిప్రాయంతో లేరు. కానీ పేతురు దుఃఖపడింది మూడోసారి అడిగినందుకని 17వ వచనమే చెబుతోంది. యేసును మూడుసార్లు ఎరగనన్నవాడికి మూడుసార్లు 'నా గొర్రెలను మేపుము, కాయుము' అన్న పిలుపు. ప్రసంగం బరువంతా అక్కడే ఉంది.

పాత పోస్టులోని ఆ పేరా తీసేశాను. దాన్ని నోట్సులో రాసుకున్నవారు దయచేసి కొట్టేయండి.