సవరణ: బీచ్ రోడ్డు చేపల గురించి

"వైజాగ్ వాళ్ళు బీచ్ రోడ్డు హోటళ్ళలో చేప తినరు" అని మొన్న రాసిన ముక్కని చాలామంది అక్కడ వంట బాగోదన్నట్టు తీసుకున్నారు. నేనన్నది అది కాదండీ. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసి, బేరమాడి తెచ్చుకునేవాళ్ళకి చేపల పులుసు ఇంట్లోదే కావాలి, బయటికెళ్తే బిర్యానీయో టిఫినో అడుగుతారు, అంతే. అది అలవాటు, హోటళ్ళకి వేసిన మార్కులు కాదు.

ఇంకోటి, అప్పుడు రాయలేదు: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో వంజరం ఫ్రై చెప్పేముందు చేప ఎక్కడిదో, ఎప్పటిదో ఒకసారి అడగండి (సర్వర్ మొహం కూడా చూడండి). తెప్పల మీద వెళ్ళేవాళ్ళు తెచ్చే చేపలు మాత్రం కొద్దోగొప్పో దొరుకుతూనే ఉంటాయి.

మాడుగుల హల్వా, అరకు బొంగు చికెన్ "విశాఖ జిల్లావి" అన్న మాట కూడా మార్చాను. 2022 ఏప్రిల్ నుంచి మాడుగుల అనకాపల్లి జిల్లాలో, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. ఆర్కే బీచ్‌లో పొట్లంలోంచి అట్టముక్కతో తినే మురీ (మరమరాల) మిక్చర్ గురించి రాసిందాంట్లో మాత్రం ఒక్క అక్షరం మార్చను.