రాడార్ తెర వెనుక మనుషులు: ఆర్కిటిక్ లెక్కల్లో చేరని జీవితాలు

2025 మార్చి 28న అమెరికా ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ డెన్మార్క్ రాజ్యంలో భాగమైన గ్రీన్‌లాండ్ వాయవ్య తీరంలో, క్షిపణులను పసిగట్టే రాడార్ ఉన్న అమెరికా సైనిక స్థావరం పిటుఫిక్‌కు వెళ్లారు. సైనికులతో కలిసి భోజనం చేశారు, మాట్లాడారు, కొన్ని గంటల్లోనే తిరుగు విమానం ఎక్కారు. ఆ తర్వాత చర్చంతా గ్రీన్‌లాండ్ ఎవరి చేతిలో ఉండాలన్న దాని చుట్టూనే సాగింది. డెన్మార్క్ కాపలా సరిపోతుందా, రష్యా క్షిపణులు ఏ దిక్కు నుంచి వస్తాయి, చైనా కన్ను దేని మీద ఉంది అంటూ విశ్లేషకులు పటాల మీద బాణాలు గీశారు. ఆ స్థావరంలో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో, ఆ నేల మీద అంతకుముందు ఎవరు బతికారో అడిగినవాళ్లు తక్కువ. ఆర్కిటిక్ రాడార్ల గురించి మాట్లాడాలంటే మొదట తెలుసుకోవలసినవి ఆ రెండే అని నేను నమ్ముతున్నాను.

ఉత్తర ధ్రువం మీదుగా కొలిస్తే రష్యా, ఉత్తర అమెరికా ఇరుగుపొరుగు ప్రాంతాలే. సోవియట్ బాంబర్లు ఆ దారినే వస్తాయన్న భయంతో అమెరికా, కెనడా కలిసి 1954లో ఒక రాడార్ గొలుసును తలపెట్టాయి. దాని పేరు సుదూర ముందస్తు హెచ్చరిక రేఖ. వాడుకలో డ్యూ లైన్. అలాస్కా నుంచి కెనడాలోని బాఫిన్ దీవి దాకా, 69వ అక్షాంశానికి అటూ ఇటుగా, 1957 వేసవికల్లా అది సిద్ధమైంది. ఓడలు వెళ్లగలిగేది ఏడాదిలో కొన్ని వారాలే అయిన సముద్రతీరంలో దాదాపు 25 వేల మంది శ్రమించి కట్టిన గొలుసు అది. ఇంజినీరింగ్ పరంగా అసాధారణమైన పని.

ఈ గొలుసులో పెద్ద కేంద్రాలు, మధ్యరకం కేంద్రాలు, చిన్న కేంద్రాలు అని మూడు రకాలు ఉండేవి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి చిన్నవి. ఒక్కో చిన్న కేంద్రంలో ముగ్గురే మనుషులు: కేంద్రాధికారి, మెకానిక్, వంటమనిషి. చుట్టూ పదుల కిలోమీటర్ల మేర ఇంకో కేంద్రం ఉండదు. ముగ్గురినే పంపాలని నిర్ణయించినప్పుడు అందులో ఒకరు వంటమనిషి అయ్యారంటే, ఆ ఏర్పాటు చేసినవాళ్లకు మనిషి గురించి కొంత తెలుసన్నమాట. సూర్యుడు వారాల తరబడి ఉదయించని చోట పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అనే తేడా ఆకాశంలో కనిపించదు. ఆ తేడాను రోజూ నిలబెట్టేది భోజనం బల్ల. వేళకు వేడిగా వడ్డించే మనిషి లేకపోతే మిగిలిన ఇద్దరి నిద్ర, మెలకువ, మాట తీరు అన్నీ గతి తప్పుతాయి. అందుకే ఈ కేంద్రాల్లో తిండి విషయంలో పొదుపు పాటించలేదు.

ఇక్కడ పనిచేసినవాళ్లలో ఎక్కువమంది సైనికులు కారు. అమెరికా సంస్థ ఐటీటీకి చెందిన ఫెడరల్ ఎలక్ట్రిక్ అనే కంపెనీ తీసుకున్న కాంట్రాక్టు ఉద్యోగులు. సాధారణంగా 18 నెలల ఒప్పందం మీద వచ్చేవారు. జీతం బాగుండేది, ఖర్చు పెట్టడానికి దుకాణం ఉండేది కాదు. రాడార్, రేడియో రెండూ చూసుకునే సాంకేతిక నిపుణులను రేడిషియన్లు అని పిలిచేవారు. ముందే తయారుచేసి తెచ్చిన గదులను వరసగా కలిపి, నేలకు ఎత్తుగా దిమ్మెల మీద నిలిపేవారు. కింద నుంచి గాలి ధారాళంగా వెళితే మంచు పేరుకోదు, గది వెచ్చదనానికి అడుగున గడ్డకట్టిన నేల కరిగి కుంగదు. ఆ వరసను వాళ్లు రైలు అనేవారు. పడక, వంటగది, జనరేటర్, రాడార్ తెర అన్నీ ఆ రైల్లోనే. చలికాలంలో చాలామంది రోజుల తరబడి బయటికి అడుగుపెట్టకుండానే ఉద్యోగం చేశారు.

బయట చలికి భయపడటం సహజమే. అక్కడున్నవాళ్లకు దానికంటే పెద్ద భయం నిప్పు. డీజిల్ జనరేటర్లు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి, గాలిలో తేమ ఉండదు, ఆర్పడానికి నీరు చాలదు. చెరువు మీద గడ్డకట్టిన మంచును తొలిచి నీరు తోడి, ట్రాక్టరుతో లాక్కురావాలి. లేదా మంచు కరిగించుకోవాలి. ఆ నీటితోనే వంట, స్నానం, బట్టలు. కేంద్రం కాలిపోతే తలదాచుకోవడానికి పక్కింటి తలుపు తట్టే వీలు లేదు. ఇంటివాళ్ల గొంతు వినాలంటే దక్షిణాన ఎక్కడో ఒక అమెచ్యూర్ రేడియో అభిరుచి ఉన్న మనిషి దొరికి, తన రేడియోను టెలిఫోనుకు కలపాలి. ఉత్తరాలు, సినిమా రీళ్లు, తాజా కూరలు విమానం వస్తేనే. విమానం రావడం వాతావరణం దయ.

ఇంత చేసి వాళ్లు ఎదురుచూసింది ఎన్నడూ రాని శత్రువు కోసం. ఏ సంఘటనా లేకుండా రోజు ముగిస్తేనే విజయం అనే ఉద్యోగంలో బుద్ధిని మొద్దుబారనివ్వకుండా ఉంచుకోవడం చలిని ఓర్చుకోవడం కంటే కష్టం. యంత్రాలు తరచూ అబద్ధపు హెచ్చరికలు ఇచ్చేవి. పెద్ద రాడార్ల మధ్య ఖాళీలను కాపలా కాయడానికి పెట్టిన, కదలికను పసిగట్టే చిన్న డాప్లర్ పరికరాలు పక్షులను కూడా పట్టుకునేవి. ముగ్గురేసి మనుషులున్న ఆ చిన్న కేంద్రాలను 1963లోనే మూసేశారు.

అప్పటికే బాంబర్ల కాలం పోయి క్షిపణుల కాలం వచ్చింది. దాని కోసం అమెరికా గ్రీన్‌లాండ్‌లోని తూలే స్థావరంలో భారీ రాడార్లు నిలిపింది. ఈనాటి పిటుఫిక్ అదే. 2023 ఏప్రిల్‌లో పేరు మారింది. నవంబరు మొదట్లో అస్తమించిన సూర్యుడు అక్కడ మళ్లీ ఫిబ్రవరిలో కనిపిస్తాడు. తుపానుకు అంచెలవారీ హెచ్చరికలు ఉంటాయి. ఆఖరి అంచె ప్రకటించగానే ఎవరు ఎక్కడుంటే అక్కడే ఆగిపోవాలి. రాత్రంతా ఆఫీసులోనే గడపవలసి వచ్చినా సరే. రాడార్ దాకా వెళ్లే దారి పొడవునా తిండి, ఫోను ఉన్న చిన్న గదులు కట్టారు. 1972 మార్చిలో అలాంటి ఒక గది దగ్గర గంటకు 333 కిలోమీటర్ల వేగంతో గాలి నమోదైంది.

ఆ రాడార్ పని మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే, 1960 అక్టోబరు 5న, క్షిపణులు దూసుకొస్తున్నాయని అమెరికా, కెనడాల ఉమ్మడి రక్షణ కేంద్రమైన నోరాడ్‌కు హెచ్చరిక చేరింది. నార్వే మీదుగా పైకి వస్తున్నది చంద్రుడు. రాడార్ తరంగం చంద్రుణ్ని తాకి వెనక్కి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. అంత దూరం నుంచి ప్రతిధ్వని వస్తుందని యంత్రాన్ని తయారుచేసినవాళ్లు ఊహించలేదు. నోరాడ్ ఉప కమాండర్, కెనడా వాయుసేన అధికారి రాయ్ స్లెమన్ అప్పుడు అడిగింది ఒక సాదా ప్రశ్న: కృశ్చేవ్ ఎక్కడున్నారు? సోవియట్ నాయకుడైన ఆయన అప్పుడు న్యూయార్క్‌లో ఉన్నారు. సొంత నాయకుడు ఉన్న నగరం మీద సోవియట్ సైన్యం దాడి చేయదు. ఒక మనిషి యంత్రాన్ని అనుమానించాడు కాబట్టి ప్రపంచం మిగిలింది.

మరుసటి ఏడాది నవంబరులో ఇంకో సంకటం. కొలరాడోలో ఒక రిలే కేంద్రంలో మోటారు వేడెక్కి తూలేతో సంబంధాలు తెగిపోయాయి. రాడార్ పలకడం లేదంటే దాన్ని శత్రువు పేల్చేశాడా, తీగ తెగిందా? తూలే మీద అణుబాంబులతో తిరుగుతున్న బీ-52 విమానమే స్థావరం క్షేమంగా ఉందని చెప్పింది. రాడార్‌కు కాపలాగా విమానం, ఆ విమానంలో బాంబులు. 1968 జనవరి 21న అలాంటి ఒక విమానంలో మంటలు లేచి, తూలే పక్కనే గడ్డకట్టిన సముద్రం మీద కూలింది. అందులో నాలుగు హైడ్రోజన్ బాంబులున్నాయి. అణు విస్ఫోటం జరగలేదు కానీ ప్లుటోనియం అనే రేడియోధార్మిక లోహం మంచు మీద చెల్లాచెదురైంది. చీకట్లో, ఎముకలు కొరికే చలిలో ఆ మంచును ఎత్తిపోసినవారిలో స్థావరంలో పనిచేసే డేనిష్ కార్మికులు ఉన్నారు, వేటకుక్కల బళ్లతో సాయం చేసిన గ్రీన్‌లాండ్ వాసులు ఉన్నారు. ఆ పని తమ ఆరోగ్యాన్ని ఏం చేసిందో చెప్పమని ఆ కార్మికులు దశాబ్దాల పాటు ప్రభుత్వాలను అడిగారు.

ఇక్కడే నాకు కోపం వస్తుంది. ఈ గొలుసును కట్టినవాళ్లు ఆర్కిటిక్‌ను ఎవరూ లేని చోటుగా చూశారు. డ్యూ లైన్ నిర్మాణం కోసం 1955లో అమెరికా, కెనడా రాసుకున్న ఒప్పందంలో, పనికి అనుమతి పొందినవారితో తప్ప మిగిలిన ఇన్యూట్ ప్రజలతో, అంటే ఆర్కిటిక్ మూలవాసులతో, అత్యవసరమైతేనే గానీ కలవకూడదన్న షరతు ఉంది. దాన్ని రాసినవాళ్లు ఇన్యూట్‌ల రక్షణ కోసమనే చెప్పారు. ఆ ఉద్దేశం కొంత నిజం కూడా కావచ్చు. జరిగింది వేరు. ఉత్తర కెనడాలోని కేంబ్రిడ్జ్ బే, ఇప్పుడు సానిరాజాక్ అంటున్న హాల్ బీచ్ లాంటి చోట్ల రాడార్ కేంద్రం చుట్టూనే ఊళ్లు పెరిగాయి. వేటతో సంచరించిన కుటుంబాలు కూలి పని దగ్గర స్థిరపడ్డాయి. గోడకు అటువైపు వేడి భోజనం, సినిమా. ఇటువైపు వాళ్లు పారేసిన చెక్కతో కట్టుకున్న గుడిసెలు.

తూలేలో ఆ మాత్రం కూడా మిగల్చలేదు. స్థావరం పక్కనే నివసించే ఇనుగ్విట్ (అక్కడి ఇన్యూట్ తెగ) కుటుంబాలను, విమాన విధ్వంసక ఆయుధాల కోసం ఆ స్థలం కావాలంటూ, 1953 మే నెలలో కొద్ది రోజుల గడువుతో ఖాళీ చేయించారు. వంద కిలోమీటర్లకు పైగా ఉత్తరాన కానాక్‌కు వెళ్లారు వాళ్లు. అక్కడ ఇళ్లు సిద్ధంగా లేవు. ఆ వేసవి గుడారాల్లో గడిచింది. డెన్మార్క్ ప్రధాని పౌల్ న్యూరప్ రాస్ముసెన్ క్షమాపణ చెప్పింది 1999లో. అదే ఏడాది కోర్టు ఆ సమాజానికి ప్రకటించిన పరిహారం 5 లక్షల డేనిష్ క్రోనర్లు. పాత నేలకు తిరిగి వెళ్లే హక్కును 2003లో డెన్మార్క్ సుప్రీంకోర్టు నిరాకరించింది.

డ్యూ లైన్ కాలం చెల్లిపోయాక, 1985 ఒప్పందం ప్రకారం దాని స్థానంలో నార్త్ వార్నింగ్ సిస్టమ్ అనే కొత్త రాడార్ గొలుసు వచ్చింది. అందులో రాడార్ల దగ్గర మనుషులు ఉండరు. మరమ్మతులకు హెలికాప్టర్‌లో వచ్చి వెళతారు. పాత కేంద్రాల చుట్టూ ఇంధనపు డ్రమ్ములు, విద్యుత్ పరికరాల నుంచి నేలలోకి దిగిన పీసీబీ అనే విషరసాయనం మిగిలాయి. అది మొక్కల్లోకి, జంతువుల్లోకి చేరే గుణమున్న పదార్థం. జింక మాంసం, చేప, సీలు మీద బతికే కుటుంబాలకు అది కంచంలోకి వచ్చే ప్రమాదం. కెనడా 21 కేంద్రాలను శుభ్రం చేయడానికి 1996లో మొదలుపెట్టి దాదాపు రెండు దశాబ్దాలు తీసుకుంది, 50 కోట్ల కెనడా డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. ఆ ఖర్చును ముందే లెక్క వేసి ఉంటే డ్యూ లైన్ చౌక అని ఎవరూ అనేవారు కారు.

ఇప్పుడు మళ్లీ ఆర్కిటిక్ వైపు డబ్బు ప్రవహిస్తోంది. 2025 మార్చిలో కెనడా ప్రధాని మార్క్ కార్నీ ఉత్తర కెనడాలోని ఇకాలువిట్‌లో నిలబడి, ఆస్ట్రేలియా సాంకేతికతతో 600 కోట్ల కెనడా డాలర్ల రాడార్ వ్యవస్థను ప్రకటించారు. రష్యా తన ఆర్కిటిక్ దీవి అలెగ్జాండ్రా లాండ్‌లో సుమారు 150 మంది ఏడాదిన్నర పాటు బయటి సాయం లేకుండా ఉండగలిగే స్థావరం కట్టింది. భద్రతా అవసరాలు లేవని నేను అనను. యుక్రెయిన్ యుద్ధం తర్వాత ఉత్తర ఐరోపా భయాన్ని తేలిగ్గా తీసివేయలేం. కానీ తెర ముందు కూర్చున్న మనిషిని వీలైనంత తగ్గించాలన్న ధోరణిని, తెర బయట బతుకుతున్న మనిషిని అసలే చూడకూడదన్న పాత అలవాటును ఒకే తప్పుగా చూడాలి. చంద్రుణ్ని క్షిపణి అన్న యంత్రం ఇప్పుడు మెరుగైంది, నిజమే. మెరుగైన యంత్రాన్ని కూడా ప్రశ్నించగలిగే మనిషికి నిద్ర, తిండి, తోడు, గౌరవం కావాలి. వాటికి బడ్జెట్‌లో చోటుండాలి.

దారి లేకపోలేదు. తూలే రాడార్ ఆధునికీకరణ కోసం 2004 ఆగస్టులో దక్షిణ గ్రీన్‌లాండ్‌లోని ఇగాలికులో జరిగిన ఒప్పందం మీద అమెరికా, డెన్మార్క్‌లతో పాటు గ్రీన్‌లాండ్ ప్రభుత్వం కూడా సంతకం చేసింది. నార్త్ వార్నింగ్ సిస్టమ్ నిర్వహణ కాంట్రాక్టు 2022లో ఇన్యూట్‌ల యాజమాన్యంలోని నాసిటుక్ సంస్థకు దక్కింది. ఈ రెండింటినీ మినహాయింపులుగా వదిలేయకుండా నియమంగా మార్చాలి. పిటుఫిక్ భవిష్యత్తు మీద ఇక ముందు జరిగే ప్రతి చర్చలో కానాక్ ప్రజల ప్రతినిధి ఉండాలి. కొత్త రాడార్ ఏదైనా సరే, దాన్ని కూల్చి నేలను శుభ్రం చేసే ఖర్చు, ఆ ఖర్చు ఎవరు భరిస్తారన్న మాట మొదటి ఒప్పంద పత్రంలోనే రాయాలి.