మత్తు ఒంట్లోంచి దిగితే యావ పోయినట్టేనా?

తెగ తిరుగుతున్న మాట ఇది: డ్రగ్స్ మానేసి 21 రోజులు ఓపిక పడితే ఒంట్లోంచి మత్తు పోతుంది, మెదడులోని ‘ఆనంద కేంద్రం’ రీసెట్ అవుతుంది, ఆ తర్వాత కూడా మళ్ళీ మొదలెట్టాడంటే వాడికి మనోబలం లేనట్టే.

మొదటి ముక్కతో నాకు పెద్ద పేచీ లేదు. చాలా మత్తుపదార్థాలు రోజుల్లోనో వారాల్లోనో ఒంట్లోంచి వెళ్ళిపోతాయి. కానీ యావ పుట్టడానికి ఒంట్లో మత్తు ఉండక్కర్లేదు. నలిగిన వెండి కాగితం, సిరంజి, ఫోన్‌లో పాత స్నేహితుడి నంబరు, ఒక్కోసారి జీతం పడిన మెసేజ్ చాలు. నోరెండిపోతుంది, గుండె దడదడలాడుతుంది.

‘రీసెట్’ అనడం మరీ విడ్డూరం. 2001లో గ్రిమ్, షాహమ్‌ల బృందం కొకైన్ కోసం మీట నొక్కడం మరిగిన ఎలుకలకు కొకైన్ ఆపేసి, దానితో ముడిపడిన సంకేతాన్ని మాత్రం మళ్ళీ చూపింది. మానిన కొత్తలో కంటే రెండు నెలలకు అవి మీటను ఇంకా ఎక్కువగా నొక్కాయి. చప్పబడాల్సిన యావ లోలోపల పొదిగినట్టు పెరిగిందన్నమాట. ఎలుకల లెక్కను మనిషికి అచ్చంగా దించలేం గానీ, ఆ 21 అనే అంకె ఎలుకల్లోనూ కనిపించలేదు.

ఇక ‘ఆనంద కేంద్రం’. 1954లో ఓల్డ్స్, మిల్నర్‌ల ప్రయోగంలో ఎలుకలు మీట నొక్కి తమ మెదడుకు తామే కరెంటు పెట్టుకున్నాయి. ఆ పేరు అక్కణ్ణుంచి పాకింది. తర్వాత మెదడు శాస్త్రవేత్త షుల్ట్జ్ కోతుల్లో చూస్తే, సంకేతం వెనకే జ్యూస్ వస్తుందని నేర్చుకున్నాక, ‘ఆనంద రసాయనం’గా పేరుపడ్డ డోపమైన్‌ను విడుదల చేసే మెదడు కణాలు జ్యూస్ అందినప్పుడు కాదు, జ్యూస్ రాబోతోందన్న సంకేతానికే చెలరేగాయి. 2006లో వోల్కో బృందం కొకైన్ వ్యసనమున్న 18 మందికి కొకైన్ వాడకం వీడియో చూపించింది. కొకైన్ ఇవ్వలేదు. అయినా డోర్సల్ స్ట్రయేటమ్‌లో, అంటే అలవాట్లను నడిపే చోట, డోపమైన్ పెరిగింది. అది ఎంత పెరిగితే యావ అంత. దీనికి తోడు ఆ సంకేతానికి విలువ కట్టే అమిగ్డాలా, చోటును గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్, ఒంటి లోపలి తహతహను తెలిపే ఇన్సులా, పగ్గం వేయాల్సిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ఇవన్నీ యావలో పాలుపంచుకుంటాయి. పక్షవాతం లాంటివాటితో ఇన్సులా దెబ్బతిన్న కొందరు పొగరాయుళ్ళకు సిగరెట్ మీద ధ్యాసే పోయిందని 2007లో నక్వీ బృందం చూపింది. ఇన్ని చోట్లను ఒక్క ‘కేంద్రం’లో ఎలా కుదిస్తారు?

మనోబలమా? 2008లో చైల్డ్రెస్ బృందం కొకైన్ బొమ్మలను 33 మిల్లీసెకన్లు మాత్రమే చూపింది. రోగులకు చూశామన్న స్పృహే లేదు, అయినా అమిగ్డాలా స్పందించింది. తెలియనిదాని మీద మనసు గట్టి చేసుకునేదెలా? వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికుల్లో, ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైంది సుమారు 5 శాతమేనని పరిశోధకురాలు లీ రాబిన్స్ తేల్చారు. అవే మనసులు, మారింది చోటు. (అక్కడ దొరికినంత సులువుగా సరుకు దొరకలేదు, అదీ నిజమే.)

ఈ సందేశంలో నన్ను అసలు భయపెట్టేది వేరే. మానేసిన వారాల్లో యావ మిగిలే ఉంటుంది, హెరాయిన్ లాంటివాటిని తట్టుకునే శక్తి మాత్రం పడిపోతుంది. ‘రీసెట్ అయ్యాను, ఒక్కసారికేం కాదులే’ అని పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.