కంచం పంచుకుంటే హెపటైటిస్ బి రాదు: తూర్పు లండన్ మెసేజ్‌కు జవాబు

లండన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో, ముఖ్యంగా ఈస్ట్ హామ్, ఇల్ఫోర్డ్ వైపు గదులు వెతుక్కునే విద్యార్థుల మధ్య, ఒక మెసేజ్ తిరుగుతోంది. తూర్పు లండన్‌లో వలస వచ్చినవాళ్ళ ఇళ్ళనిండా హెపటైటిస్ ఉందట. ఇరుకు గదులు, ఉమ్మడి వంటిల్లు, ఎంగిలి కంచాల వల్ల అంటుకుంటుందట. ఆసియావాళ్ళందరికీ ఒకటే ముప్పట. అది తిరుగుబోతులకు వచ్చే జబ్బట. పరీక్ష చేయిస్తే వీసా పోతుందట, కాబట్టి గుట్టుగా ఊరినుంచి కామెర్ల మందు తెప్పించుకోమని సలహా. చివర్లో మామూలే: డాక్టర్లే చెప్పారు, అందరికీ పంపండి. ఏ డాక్టరో, ఎక్కడ చెప్పారో లేదు.

ఇందులో నిజం ఒక్క ముక్క ఉంది. బ్రిటన్‌లో కొత్తగా బయటపడే దీర్ఘకాలిక హెపటైటిస్ బి కేసుల్లో సుమారు 95 శాతం బయటి దేశాల్లో పుట్టినవాళ్ళవే. ఈ అంకెను దాచి ఖండన రాస్తే అది ఖండన కాదు, వకాల్తా. అయితే అలా ఎందుకుందన్న దగ్గరే మెసేజ్ రాసినవారు దారి తప్పారు.

ముందు ఎంగిలి కంచం సంగతి. హెపటైటిస్ అంటే కాలేయం వాచడం. దాన్ని తెచ్చే ప్రధాన వైరస్‌లు ఐదు: ఎ, బి, సి, డి, ఇ. వీటిలో ఎ, ఇ తిండి ద్వారా, నీళ్ళ ద్వారా వస్తాయి. 2005లో హైదరాబాద్‌లో తాగునీటి గొట్టాల్లోకి మురుగు చేరి హెపటైటిస్ ఇ ప్రబలింది. మనవాళ్ళ మనసులో పచ్చకామెర్లు అంటే మెదిలేది ఇదే: కలుషితమైన నీళ్ళు, బయటి తిండి, పత్యం. ఆ భయాన్నే తెచ్చి మెసేజ్ వాళ్ళు బి, సి నెత్తిన పెట్టారు. బి, సి రక్తం ద్వారా వస్తాయి. బి అయితే లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లినుంచి బిడ్డకు కూడా వస్తుంది. ఒకే కుక్కర్‌లో అన్నం వండుకున్నా, ఒకే కంచంలో తిన్నా, పక్క మంచం మీద పడుకున్నా రావు. పంచుకోకూడనివి వేరే ఉన్నాయి: రేజరు, టూత్‌బ్రష్, గోళ్ళు కత్తిరించుకునేది, షుగర్ చూసుకునే సూది. రూమ్మేట్‌ను హెపటైటిస్ పరీక్ష రిపోర్ట్ అడిగేవాళ్ళు బాత్‌రూమ్‌లో ఎవరి రేజరు ఎవరిదో చూసుకుంటే ఎక్కువ మేలు.

మరో సంగతి కూడా చెప్పాలి. బ్రిటన్‌లో సోకే హెపటైటిస్ ఇలో ఎక్కువ భాగానికి మూలం సరిగా ఉడకని పంది మాంసం, దానితో చేసిన పదార్థాలు. వలసవాళ్ళ వంటింటి కంటే ఇంగ్లీషువాళ్ళ సాసేజ్‌కే దానితో చుట్టరికం ఎక్కువ. మెసేజ్‌లో ఆ ఊసే లేదు.

"తిరుగుబోతులకు వచ్చే జబ్బు" అన్నమాట అన్నిటికంటే అన్యాయమైనది, చాలామంది నోరు మూయించింది కూడా ఇదే. హెపటైటిస్ బి పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదుగురికి పైగా ఒంట్లోంచి దానంతటదే పోతుంది. పుట్టుకలోనే సోకిన పసిబిడ్డల్లో లెక్క తారుమారు: నూటికి తొంభై మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. అంటే ముప్పై అయిదేళ్ళ వయసులో లండన్‌లో రక్తపరీక్షలో బయటపడిన బి, చాలా సందర్భాల్లో ఆ మనిషికి కాన్పు గదిలోనో చంటితనంలోనో సోకింది. అమ్మకు ఉన్నట్టు అమ్మకే తెలియదు. వలసవాళ్ళలో అంకె ఎక్కువగా ఉండటానికి అసలు కారణం ఇది. వాళ్ళు పుట్టిన ఏడాదికి వాళ్ళ ఊళ్ళో టీకా చేరలేదు, గర్భిణులకు ఈ పరీక్ష చేసేవాళ్ళు లేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ టీకాను ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రాల్లో ఒకటి, అదీ 2000 దాటాకే. దేశమంతటికీ విస్తరించేసరికి 2011 వచ్చింది. ఇప్పుడు లండన్‌లో ఎమ్మెస్సీ చదివే పిల్లల్లో కొందరు ఆ టీకా రాకముందు, కొందరు వచ్చాక పుట్టారు. వాళ్ళ అన్నలు, అక్కలు దాదాపు అందరూ ముందు పుట్టినవాళ్ళే. ఇందులో శీలం సంగతి ఎక్కడిది?

సి విషయంలో కారణం వేరు: సూది. దక్షిణాసియాలో పల్లె, పట్నం తేడా లేకుండా జ్వరానికో ఇంజెక్షన్, నీరసానికో సెలైన్ అనే అలవాటు ఉంది. సూది వేస్తేనే వైద్యం చేసినట్టు అనుకునేవాళ్ళకు ఒకే సిరంజితో పదిమందికి వేసిన రోజులు గుర్తుంటాయి. దానికి తోడు పరీక్షించకుండా ఎక్కించిన రక్తం, సరిగా శుభ్రం చేయని పళ్ళ డాక్టరు పనిముట్లు, మంగలి బ్లేడు. సి వైరస్‌ను గుర్తించిందే 1989లో. అంతకుముందు రక్తం ఎక్కించుకున్నవాళ్ళకు అందులో ఏముందో చెప్పగలిగే పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు.

"ఆసియావాళ్ళందరికీ ఒకటే ముప్పు." దీనికి జవాబు 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఉంది. ఇంగ్లండ్‌లో ఉంటున్న దక్షిణాసియా మూలాలవాళ్ళను దాదాపు అయిదు వేల మందిని పరీక్షించారు. సి వైరస్ సోకిన గుర్తులు పాకిస్తాన్‌లో పుట్టినవాళ్ళలో 2.7 శాతం మందిలో కనిపించాయి. బంగ్లాదేశ్‌లో పుట్టినవాళ్ళలో 0.6, భారత్‌లో పుట్టినవాళ్ళలో 0.2. బి అయితే పాకిస్తాన్ 1.8, బంగ్లాదేశ్ 1.5, భారత్ 0.1. ఈ అంకెలు చూసి "చూశారా, మనం కాదు, వాళ్ళే" అని ఇంకో మెసేజ్ పుట్టించేవాళ్ళు ఉంటారు. వాళ్ళకూ చెప్పాల్సింది ఒకటే. పాకిస్తాన్ అంకె వెనుక ఉన్నది మతమూ కాదు, కులమూ కాదు, అక్కడి సూదుల వాడకం. పైగా పరీక్షకు ముందుకొచ్చిన కొద్దిమంది భారతీయుల లెక్క, గుంటూరు, నల్గొండలనుంచి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇచ్చిన హామీ పత్రం కాదు.

వలసవాళ్ళే బ్రిటన్‌కు సి తెచ్చారన్న భావన కూడా మెసేజ్ నిండా ఉంది. అక్కడ సి వ్యాప్తికి పెద్ద కారణం మాదకద్రవ్యాల సూదులు పంచుకోవడం. 1970, 80 దశకాల్లో ఆ దేశపు ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఎక్కించిన రక్తం, రక్తంతో చేసిన మందుల వల్ల సుమారు 30 వేల మందికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ సోకాయి. సర్ బ్రయన్ లాంగ్‌స్టాఫ్ అధ్యక్షతన జరిగిన విచారణ 2024 మేలో నివేదిక ఇచ్చింది. ఆ బాధితుల్లో ఎవరూ వలస వచ్చి రోగం తెచ్చుకోలేదు.

ఇక వీసా. ఆరు నెలలకు మించి ఉండటానికి భారత్‌నుంచి వెళ్ళేవాళ్ళకు బ్రిటన్ అడిగేది క్షయ పరీక్ష. హెపటైటిస్ పరీక్ష అడగదు. వైరల్ హెపటైటిస్‌కు అక్కడ పరీక్ష, చికిత్స వీసా హోదాతో పనిలేకుండా ఉచితం. అంటువ్యాధుల జాబితాలో ఉండటమే కారణం. జీపీ (అక్కడ మొదట చూపించుకునే స్థానిక డాక్టరు) దగ్గర పేరు నమోదుకు వీసా కాగితాలు తప్పనిసరి కాదు. అయినా జనం వెళ్ళరు. లండన్, బ్రాడ్‌ఫర్డ్ వంటి చోట్ల వలసవాళ్ళ మీద జరిగిన హెప్‌ఫ్రీ అధ్యయనం 2019లో వచ్చింది. మామూలుగా వదిలేసిన జీపీ కేంద్రాల్లో పరీక్ష చేయించుకున్నది 1.7 శాతం. పనిగట్టుకుని పిలిచిన చోట్ల 19.5 శాతం. పిలిచినా అయిదుగురిలో నలుగురు రాలేదన్నమాట. ఇలాంటి మెసేజ్‌లు చేసే అసలు నష్టం అక్కడ కనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌నుంచి లండన్ ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో, ఎలాగూ రక్తం తీస్తున్నప్పుడు, వద్దనకపోతే హెచ్‌ఐవీతో పాటు బి, సి పరీక్షలూ చేస్తున్నారు. కొత్తగా బయటపడుతున్న వాటిలో బి ఎక్కువ. వీళ్ళలో చాలామంది వచ్చింది వేరే ఏదో బాధతో.

చివరిది కామెర్ల మందు. ఎ, ఇ వల్ల వచ్చిన కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఈలోగా పసరు తాగినా, చేతి మీద వాత పెట్టించుకున్నా పేరు వాటికే పోతుంది. నేల ఉసిరి మీద మాత్రం నిజంగానే పరిశోధన జరిగింది. 1988లో మద్రాసు శాస్త్రవేత్తలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆశపెట్టే ఫలితాలు ప్రచురించారు. బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ పొందిన బ్లంబర్గ్ కూడా ఆ పనిలో ఉన్నారు. తర్వాత జరిగిన ప్రయత్నాల్లో ఆ ఫలితం నిలబడలేదు. ఇంకో చిక్కుంది: దీర్ఘకాలిక బి, సి ఉన్నవాళ్ళలో చాలామందికి కళ్ళు పచ్చబడవు. కామెర్లు కనిపించేసరికి కాలేయం గట్టిపడిపోయి ఉండొచ్చు. పసరు తాగుతూ పోగొట్టుకునేది ఆ మధ్యకాలాన్నే. సి అయితే ఎనిమిదినుంచి పన్నెండు వారాలు మాత్రలు వేసుకుంటే నూటికి తొంభై అయిదుగురికి పైగా పూర్తిగా నయమవుతుంది. బి పూర్తిగా పోవడం అరుదు. అవసరమైనవాళ్ళకు రోజుకో మాత్రతో వైరస్‌ను అణచి ఉంచుతారు, కాలేయ క్యాన్సర్ ముప్పు ఎక్కువున్నవాళ్ళకు ఆర్నెల్లకోసారి స్కానింగ్ చేస్తారు. ఇంట్లో మిగతావాళ్ళకు పరీక్ష చేసి టీకా వేస్తారు. గర్భిణికి బి ఉందని ముందే తెలిస్తే, బిడ్డకు పుట్టిన 24 గంటల్లో తొలి టీకా పడుతుంది.