పరిగె అంటే నీకు నవ్వులాటగా ఉందా బావా?

నిన్న శనివారం తెలవివ్‌లో మనవాళ్ళ రూంలో పదకొండు మందిమి కూర్చున్నాం. చికెన్ పొయ్యి మీద ఉంది. మాటల్లో మాటగా, మా సవ్తా, అంటే నేను చూసుకునే ముసలామె, ఆమె కూతురు, అల్లుడు గురువారం అమెరికా వెళ్ళిపోయారు, ఇల్లు బోసిపోయింది అన్నాను. అంతే. మా మేనమామ కొడుకు అందుకున్నాడు. "పైసలెక్కువైతే గట్లనే ఉంటది. టికెట్ పెట్టుకొని విమానమెక్కి వచ్చి పరిగె ఏరుకుంటరా ఎవలన్నా?" పరిగె అంటే కోతలయ్యాక పొలంలో రాలిన వెన్నులు ఏరుకోవడం. వాళ్ళిద్దరూ ఇక్కడికొస్తే ఆ పనికీ వెళ్తారు, దానికే ఆ మాట. అందరూ పగలబడి నవ్వారు. నేను ముద్ద ముట్టకుండా లేచి వచ్చేశాను. శబ్బాత్ కదా, యూదుల విశ్రాంతి రోజు, చీకటి పడేదాకా జెరూసలెం బస్సు లేదు. ఐదు గంటలు బస్టాండు మెట్ల మీద కూర్చున్నాను. ఇంకా కోపం తగ్గలేదు. నువ్వు ఇది చదువుతావని నాకు తెలుసు బావా, చదువు.

తెలియనివాళ్ళకి చెప్తాను. నేను జెరూసలెంలో 89 ఏళ్ళ ముసలామెను చూసుకుంటాను. సవ్తా అంటే హీబ్రూలో అమ్మమ్మ. ఆమె నన్ను "మోతెక్" అంటుంది, అంటే బంగారం అన్నట్టు. కూతురు న్యూజెర్సీలో ఉంటుంది, రిటైరైన టీచరు. అల్లుడు అకౌంటెంట్‌గా చేసి మానేశాడు. యూదులు. ప్రతి ఎండాకాలం ఆరు వారాలు వస్తారు. ఆ ఆరు వారాలూ వాళ్ళు ఏం చేస్తారో నేను కళ్ళారా చూశాను, నవ్విన పది మందిలో ఒక్కరూ చూడలేదు.

పొద్దున ఎనిమిదింటికి ఇద్దరూ చదువుకోవడానికి వెళ్తారు. అరవై దాటిన మొగుడూ పెళ్ళాం, సంచిలో పుస్తకాలు వేసుకుని. పార్దెస్ అని 1972లో పెట్టిన సంస్థ, ఆడా మగా ఒకే గదిలో కూర్చుని చదువుతారు. ఒకసారి ఆయన కళ్ళద్దాలు మర్చిపోతే ఇవ్వడానికి వెళ్ళాను. లోపల గోల గోల! ఎవరో కొట్లాడుకుంటున్నారేమో అనుకున్నాను. కాదు, ఇద్దరిద్దరు జంటగా కూర్చుని, ఒకరు చదివితే ఇంకొకరు అడ్డు తగులుతున్నారు. దాన్ని హవ్రూతా అంటారు. తాల్ముద్ అంటే యూదుల ధర్మం మీద పాతకాలపు పండితుల వాదాల గ్రంథం. దాని పేజీ చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. మధ్యలో మూలం, ఒక పక్క రాషీ అని పదకొండో శతాబ్దపు ఫ్రాన్స్ పండితుడి వ్యాఖ్యానం, ఇంకో పక్క ఆయన తర్వాతి తరాలవాళ్ళ వాదనలు. మొత్తం 2,711 ఆకులు, ఒక్కోటికి రెండు వైపులు. రోజుకొకటి చదివినా ఏడున్నరేళ్ళు పడుతుందట. వీళ్ళు ఆరు వారాల్లో రెండు మూడు పేజీలు దాటరు. రాత్రి ఇంటికొచ్చి ఆ పేజీ సవ్తా ముందు పెట్టి చదివితే, ఆమె కళ్ళు మూసుకుని విని "తప్పు, మళ్ళీ చదువు" అంటుంది. ఆయన మళ్ళీ చదువుతాడు. అత్తగారు తప్పు అంటే నవ్వుతూ మళ్ళీ చదివే అల్లుడిని మన దగ్గర ఒక్కణ్ణి చూపించండి.

సాయంత్రం కూతురు బకెట్‌లో గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని కింద కూర్చుంటుంది. తల్లి కాళ్ళు అందులో నానబెట్టి, తువ్వాలుతో తుడిచి, ఒడిలో పెట్టుకుని గోళ్ళు తీస్తుంది. ముసలివాళ్ళ బొటనవేలి గోరు రాయిలా ఉంటుంది, అందరికీ రాదు ఆ పని. నేను తీస్తానంటే వద్దంటుంది. "ఏడాదంతా నువ్వే కదా" అంటుంది. రాత్రి తల్లి గదిలో చాప పరుచుకుని ఆమే పడుకుంటుంది. ఏడాదిలో నేను తెల్లారేదాకా నిద్రపోయేది ఆ ఆరు వారాలే.

మంగళవారం ఆయన యాద్ సారాకి వెళ్తాడు. వీల్‌చైర్లు, వాకర్లు, ఆక్సిజన్ మిషన్లు డిపాజిట్ మీద ఇచ్చే సంస్థ అది, 1976 నుంచి ఉంది. వస్తువు తిరిగిస్తే డిపాజిట్ వెనక్కిస్తారు. మా సవ్తా వాకర్ అక్కడిదే. ఆయన షెడ్డులో కూర్చుని విరిగిన వీల్‌చైర్లకి చక్రాలు బిగిస్తాడు. గోళ్ళ నిండా గ్రీసుతో ఇంటికొస్తాడు.

ఇక బావ నవ్విన సంగతి. గురువారాలు ఇద్దరూ పొలానికి వెళ్తారు. లెకెత్ అని 2003లో మొదలైన సంస్థ. రైతు పొలంలో మిగిలిపోయింది, ధర లేక కోయకుండా వదిలేసింది వలంటీర్లతో కోయించి, పేదల కోసం నడిచే వంటశాలలకి పంపుతుంది. 2023 అక్టోబర్ తర్వాత థాయ్‌లాండ్ కూలీలు వేలమంది వెళ్ళిపోయారు, చాలా పొలాల్లో పంట చెట్టు మీదే ఉండిపోయింది. యుద్ధం గురించి మా సవ్తా ఇంట్లోనే తల్లి ఒక మాట, కూతురు ఒక మాట, భోజనాల దగ్గర ఏడుపులు కూడా అయ్యాయి. అది వేరే పోస్టు. కానీ తెల్లారి లేచి ఇద్దరూ టోపీలు పెట్టుకుని పొలానికే వెళ్ళారు.

లెకెత్ అంటే అర్థమేంటో తెలుసా బావా? పరిగె. అచ్చంగా మన పరిగె. వాళ్ళ ధర్మశాస్త్రంలో రాసి ఉంది. పొలం కోసేటప్పుడు ఓ మూల కోయకుండా వదలాలి. మర్చిపోయిన పన కోసం వెనక్కి వెళ్ళకూడదు. చేతిలోంచి ఒకటో రెండో వెన్నులు జారితే అవి ఇక ఆసామివి కావు, బీదవాళ్ళవి. మూడు పడితేనే ఆసామివి. ఇంత లెక్క! అది దానం కూడా కాదు, బీదవాడి హక్కు. చర్చికి వెళ్ళేవాళ్ళకి రూతు కథ తెలుసు. బోయజు పొలంలో పరిగె ఏరుకున్న విధవరాలు. దావీదు రాజుకి ముత్తవ్వ ఆమె. తెలుగు బైబిల్లో కూడా పరిగె అనే మాటే ఉంది. యూదులు షవువోత్ పండగనాడు ఆ కథ చదువుకుంటారు. పరిగె ఏరిన ఆడదాన్ని పండగనాడు తలుచుకునే జాతి అది.

మరి మనం? నువ్వే చెప్పు బావా, నీకు గుర్తులేదా? మా అమ్మ, మీ అమ్మ కలిసే వెళ్ళేవాళ్ళు. వరి కోతలయ్యాక, కొయ్యకాళ్ళు గీరుకుని కాళ్ళు నెత్తురోడుతుంటే, రాలిన వెన్నులు ఒడిలో వేసుకునేవాళ్ళు. నాకు ఎనిమిదేళ్ళు, నీకు పది. ఆ రోజు పటేల్ భార్య గట్టు మీద నిలబడి తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. అమ్మ ఒడి విప్పించి, ఉన్నదంతా వాళ్ళ కుప్ప మీద పోయించింది. మీ అమ్మ కొంగు చివర ముడేసి దాచిన నాలుగు గుప్పెళ్ళు ఇంటికొచ్చాయి. ఆ రాత్రి ఆ బియ్యంతో కాచిన గంజి నువ్వూ తాగావు. తాగినవాడివి నువ్వే నవ్వితే ఎట్లా? నవ్విన మిగతావాళ్ళ తల్లులు మాత్రం ఏ బంగళాల్లో ఉన్నారు?

ఇంకో మాట. డబ్బులెక్కువై వచ్చారు అన్నావు. డబ్బులెక్కువైనవాళ్ళు మన ఇళ్ళల్లో లేరా? మా తమ్ముడు డాలస్‌లో ఉన్నాడు. వాడి చదువుకి నేను ఇక్కడ ముసలివాళ్ళ మలమూత్రాలు ఎత్తి పంపిన డబ్బులు ఎన్నో నీకు తెలుసు. పోయిన దసరాకి వచ్చాడు. పన్నెండు రోజులు. హైదరాబాద్‌లో ఫ్రెండ్ పెళ్ళి, షాపింగు, తిరుపతి, గోవా. అమ్మ పరుపు రెండు రోజులు ఎండలో వేసింది. పక్కింటి నుంచి కూలర్ అడిగి తెచ్చింది. సకినాలు చేసి డబ్బాకెత్తింది. వాడు మధ్యాహ్నం వచ్చి, అన్నం తిని, ఫోటోలు దిగి, ఏసీ లేదని రాత్రికి జగిత్యాల లాడ్జికి వెళ్ళిపోయాడు. సకినాల డబ్బా కూడా మర్చిపోయాడు. ఆ ఫోటోలకి మీరందరూ లైకులు కొట్టారు. "తల్లిని మరవని కొడుకు" అని కామెంట్ పెట్టింది నువ్వే బావా.

తల్లి గోళ్ళు తీసినామె నీకు నవ్వులాట, వీడు తల్లిని మరవని కొడుకు!

నేను వెళ్దామంటే వెళ్ళగలనా? వీసాకి ఐదేళ్ళ మూడు నెలలు దాటిపోయాయి. ఇక మామూలుగా కొత్త ఇంట్లో చేరనివ్వరు, సవ్తా ఉన్నన్నాళ్ళే నా వీసా. ఆమె ఒక్కతే ఉండలేదు. అక్కడ మా అమ్మ ఒక్కతే ఉంటోంది. పరాయి తల్లికి ముద్దలు కలిపి పెడుతూ, సొంత తల్లి తిన్నదో లేదో ఫోన్లో అడుగుతాను. ఆ కూతురు వస్తే నాకు అందుకే అంత ఇది. పోయిన ఆదివారం తిషా బావ్ ఉపవాసం, జెరూసలెంలో ఎప్పుడో కూలిపోయిన తమ గుడి కోసం ఇరవై ఐదు గంటలు నీళ్ళు కూడా ముట్టలేదు ఇద్దరూ. నేల మీద కూర్చుని ఏడ్చారు. ఆ నీరసంలో కూడా ఆమె లేచి తల్లికి మందులు వేసింది.

రాత్రి బస్టాండు నుంచే అమ్మకి ఫోన్ చేశాను. నువ్వన్న మాట చెప్పలేదు, ఆమెకి చెప్పే మాటా అది? వీళ్ళు పొలంలో పరిగె ఏరిన సంగతి మాత్రం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "ఎవలూ తిట్టలేదా బిడ్డా?"

లేదమ్మా, తిట్టరు అన్నాను.

"తాగనీకె నీళ్ళిస్తరా మరి?"

ఇస్తరమ్మా.