క్వింటా తూటాలు: ఉంచాలా, అమ్మాలా?

ఎండు మిర్చిని కళ్లం మీది నుంచే అమ్ముకోవాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఎదురుచూడాలా అన్న ప్రశ్నకు వరంగల్‌లో ఇంతవరకు ఎవరూ తిరుగులేని జవాబు చెప్పలేకపోయారు. అలాంటిది, టెక్సాస్‌లో ఉండే మా మేనల్లుడు తన గ్యారేజీలో నిలువ చేసిన పదివేల రైఫిల్ తూటాల గురించి అదే ప్రశ్న అడిగి, తీర్పు చెప్పే భారాన్ని హన్మకొండలో కూర్చున్న నా మీద పెట్టాడు. నేను జన్మలో పేల్చింది దీపావళి రీలు తుపాకీ ఒక్కటే. అయినా మేనమామనైన పాపానికి ఒప్పుకోక తప్పలేదు.

వ్యవహారం పూర్వాపరాలు ఇవి. 2019లో మావాడి రైఫిల్‌లో పట్టే .223 సైజు తూటా అక్కడ సుమారు 30 సెంట్లకు దొరికేది. 2020లో కరోనా వచ్చింది, అల్లర్లు జరిగాయి, ఎన్నికలు వచ్చాయి, అదే ఏడాది తుపాకులూ తూటాలూ తయారుచేసే రెమింగ్టన్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. జనం దుకాణాల మీద పడ్డారు. 2021 తొలి నెలల్లో ధర డాలరు దాకా ఎగబాకింది. మావాడు సరిగ్గా అప్పుడే మేల్కొని, తూటా 80 సెంట్ల చొప్పున ఎనిమిది వేల డాలర్ల సరుకు కొన్నాడు. ఇప్పుడు ధర అర డాలరు చుట్టుపక్కల ఉంది. అమ్మితే మూడు వేలు నష్టం, ఉంచితే రోజూ గుండెకోత.

నాకు తెలిసిన ధరల పండితుడు ఒక్కడే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి దుకాణం నడుపుతున్న నా బాల్యమిత్రుడి దగ్గరికి వెళ్లి, ‘రెండు వందల ఇరవై మూడు’ రకం సరుకు ఉందని మొదలుపెట్టాను. అతడు చేతిలోని మిరపకాయను విరిచి, గింజలు చూసి, పక్కన పడేసి, “341 తెలుసు, తేజ తెలుసు, వండర్ హాట్ తెలుసు. గీ 223 కొత్త విత్తనమానే?” అన్నాడు. సంగతి విడమరిచి చెప్పినా అతడేమీ చలించలేదు. ఒక్కో తూటా సుమారు 12 గ్రాములని విని, “అయితె క్వింటా ఇరవై కిలోలు” అని లెక్క తేల్చి, తేమ ఎంత, తాలు ఎంత అని అడిగాడు. రబ్బరు పట్టీ ఉన్న ఇనుప డబ్బాల్లో, తేమను పీల్చే పొట్లాలు వేసి, చల్లగా పొడిగా ఉంచితే తూటా దశాబ్దాల తరబడి పాడుకాదని చెప్పగానే మాత్రం అతని ముఖంలో భక్తి కనిపించింది. రంగు దిగని సరుకును అతడు ముప్పై ఏళ్ల వ్యాపారంలో చూడలేదట.

ఇక్కడే నాకొక సందేహం వచ్చింది. మావాడు నెలకోసారి షూటింగ్ రేంజికి వెళ్లి యాభై తూటాలు పేలుస్తాడు. ఆ లెక్కన ఉన్న నిలువ పదహారేళ్లకు పైగా వస్తుంది. ఇంత ఎందుకు కొన్నావంటే, “కరువొస్తుందని భయమేసింది మామా” అన్నాడు. ఆ భయంతోనే వీధి వీధంతా గ్యారేజీలు నింపుకుంటే దుకాణంలో కరువు రాక ఏమొస్తుంది? మిర్చికి కరువు రావాలంటే కనీసం తామర పురుగైనా పట్టాలి, తూటాల కరువుకు కొనేవాళ్లే చాలు.

మన దగ్గర ఈ చింత లేనందుకు 1959 నాటి ఆయుధాల చట్టానికి దండం పెట్టాలి. లైసెన్సు లేని మనిషి జేబులో ఒక్క తూటా దొరికినా కేసే. లైసెన్సు ఉన్నవాడు కూడా ఎన్నికలు వచ్చాయంటే సాధారణంగా తుపాకీని ఠాణాలో అప్పగించి, చేతులూపుకుంటూ ఇంటికి రావాలి. (శంషాబాద్‌లో దిగే ముందు బ్యాగు అరలన్నీ దులుపుకోమని మావాడికి ప్రత్యేకంగా చెప్పాను.) టెక్సాస్‌లోనేమో రైఫిల్ తూటాలు కొనేవాడికి లైసెన్సే అక్కర్లేదు. అయితే అక్కడి సర్కారీ తపాలా వాటిని ముట్టదు గనుక, దూరపు బేరమైతే ప్రైవేటు కొరియర్ వాడికి క్వింటా బరువు కిరాయి కట్టాలి. ధర తేల్చే జెండా పాట లేదు, తూకం వేసే దడ్వాయి లేడు, హమాలీ లేడు. అంత పెద్ద దేశంలో సరుకు అమ్ముకోవడానికి ఒక యార్డు లేకపోవడం మా మిత్రుణ్ని నిజంగానే బాధపెట్టింది.

చాయ్ తాగుతూ ఇద్దరం కలిసి తీర్పు ఖరారు చేశాం. సగం వెంటనే అమ్మాలి, సగం ఉంచాలి. మిర్చి విషయంలో ఏటా రైతులకు చెప్పేదీ, రైతులు ఏటా వినకుండా పోయేదీ ఈ మాటే.

రెండు రోజులకు మావాడు ఫోన్ చేశాడు. దుకాణంలో తగ్గింపు ధర పెట్టారని, సగటు ధర దిగుతుందని, ఇంకో వెయ్యి కొన్నానని ఉత్సాహంగా చెప్పాడు. ఈ వార్తను మా మిత్రుడి చెవిన వేస్తే, అతడు లెక్కల పుస్తకం నుంచి తల కూడా ఎత్తలేదు.

“డబ్బాలు సరిపోయినయా మరి?” అన్నాడు.